అటక మీది మొబిల్

"సీలు కూడా తియ్యనేదురా అల్లుడూ. లోపలి సరుకు లోపలే ఉంది. మరి పాడెలా అవుద్ది?"

మావయ్య ఈ మాట అన్నది సాలువాలో, తన ఇంటి వరండాలో కూర్చుని. చేతిలో దుమ్ము పట్టిన లీటరు ప్లాస్టిక్ సీసా. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి, ఊరికి దక్షిణాన సాలువా దారిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. క్వార్టరు అటక మీది సామాను అట్టపెట్టెల్లో అలాగే వచ్చి, వెనక రేకుల షెడ్డులో అలాగే కూర్చుంది. ఇన్నేళ్లకు ఒక్కొక్కటీ బయటికొస్తోంది: ఇత్తడి బిందె, బొబ్బిలి వీణ బొమ్మ, రెండు పాత స్పానర్లు, ఈ సీసా.

బెంగాల్లో ఇంజనాయిల్ని అందరూ "మొబిల్" అంటారు. ఏ కంపెనీదైనా మొబిలే. మన వైపు వనస్పతి ఏదైనా డాల్డా అయిపోయినట్టు, ఒక బ్రాండు పేరు జాతి పేరైపోయింది. తాతల నాడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్లకూ అదే మాట అలవాటైంది. "మంచి మొబిల్రా, పారబొయ్యడానికి మనసొప్పట్లేదు" అన్నాడు మావయ్య. సీసా అడుగున ప్యాకింగ్ తారీకు 2011. ఇంట్లో బళ్లు రెండు. ఒకటి తొంభైల్లో ఆయన కొన్న వంద సీసీ నాలుగు స్ట్రోకుల బండి, ఇంకా నడుస్తోంది. రెండోది మనవడి కొత్త బీఎస్-6 బండి.

ఈ ప్రశ్న ఆయనొక్కడిదే కాదు. బండి అమ్మేశాక మిగిలిపోయిన డబ్బా, ఆఫర్లో రెండు కొని ఒకటి మరిచిపోయిన డబ్బా, కొట్టువాడు సగం ధరకిస్తానన్న పాత స్టాకు డబ్బా చాలా ఇళ్లలో ఉంటాయి. పొయ్యొచ్చా, కూడదా అని అడిగితే మెకానిక్కుల్లో ఒకడు "ఏం కాదు, పోసెయ్" అంటాడు, ఇంకొకడు "ఇంజన్ పట్టేస్తుంది" అని బెదిరిస్తాడు. ఇద్దరి మాటా సగం నిజం.

మావయ్యకు నేనొక ఎదురుప్రశ్న వేశాను. వర్క్‌షాపులో ఓవర్‌హాల్ చేసిన రైలు పెట్టె మీద ఏం రాసేవాళ్లు? ఓవర్‌హాల్ తారీకు, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పే రిటర్న్ డేటు. ఆ పెట్టె రోజూ పరుగెత్తినా, ఏదో సైడింగులో ఎండకు నిలబడినా, ఆ తేదీకి వెనక్కి రావలసిందే కదా?

"ఊఁ. నిలబడ్డ బండి ఇంకా బేగి పాడవుద్ది" అన్నాడు, నేనెటు లాగుతున్నానో కనిపెట్టినట్టు నవ్వుతూ.

కందెన చేసే పని

పాడవడమంటే ఏమిటో తెలియాలంటే బాగున్నప్పుడు అది చేసే పనేమిటో తెలియాలి. ఆ పనికి తెలుగులో ఎప్పటినుంచో మంచి మాటుంది: కందెన. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో మసి కలిపి పూసేవాళ్లు. కందెన ఆరిన బండి కీచుమంటూ వీధి చివర ఉండగానే తెలిసిపోయేది.

చేత్తో తడిమితే నున్నగా ఉండే ఇనుమును సూక్ష్మదర్శినిలో చూస్తే తూర్పు కనుమల్లా ఉంటుంది, గుట్టలూ లోయలతో. అలాంటి రెండు కొండల వరసల్ని ఒకదానిమీద ఒకటి బోర్లించి గుంజితే శిఖరాలు విరుగుతాయి, వేడి పుడుతుంది, కొన్నిచోట్ల ఇనుము ఇనుముకు అతుక్కుపోతుంది. మెకానిక్కులు "పట్టేసింది" అనేది దీన్నే. మధ్యలో నూనె పొర ఉంటే శిఖరాలు తగలవు. ఆ పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్నే. వంద సీసీ ఇంజన్ మామూలు వేగంలో నిమిషానికి ఐదారు వేల చుట్లు తిరుగుతుంటే ఈ పలచటి పొర మీదే భారమంతా.

రైల్వేవాళ్లకు దీన్ని వేరే చెప్పనక్కరలేదు. రోలర్ బేరింగులు రాకముందు వ్యాగన్ల ఇరుసు చివర ఒక పెట్టె ఉండేది, యాక్సిల్ బాక్సు. అందులో నూనెలో నానిన దూది పీచు కుక్కేవాళ్లు. దీపం వత్తి నూనెను పైకి పీల్చినట్టే ఆ పీచు తిరిగే ఇరుసుకు నూనె అందించేది. నూనె తగ్గినా, దుమ్మూ నీళ్లూ చేరినా పెట్టె కాలిపోయేది. బండి ఆగగానే పరీక్షించేవాళ్లు ఒక్కొక్క పెట్టెనూ చేతి వెనకభాగంతో తాకి చూసుకుంటూ పోయేవాళ్లు. హాట్ యాక్సిల్ అన్న మాట వింటే పాత రైల్వే మనుషులు ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు.

మోటారు ఇంజన్లు పుట్టిన తొలిరోజుల్లో మన ఆముదం వాటిలోకీ వెళ్లింది. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల్లో, ఇంజనే గిర్రున తిరిగే రకాలకు ఆముదమే పోసేవారు. క్యాస్ట్రాల్ అన్న పేరు 1909లో పుట్టింది క్యాస్టర్ నుంచే, అంటే ఆముదం నుంచే. పొర గట్టిగా నిలబడడంలో దానికి పెట్టింది పేరు. కానీ దానికో జబ్బుంది. వాడని దీపపు కుందిలో మిగిలిన ఆముదం కొన్నాళ్లకు ఏమవుతుందో చూశారా? చిక్కబడి, జిగురై, చివరికి వార్నిష్ పూసినట్టు పేరుకుపోతుంది. గోటితో గీకినా రాదు. నూనె ముసలిదవడం అంటే అది. ఇంజనాయిల్ కథ చాలావరకు ఈ ముసలితనాన్ని వెనక్కి నెట్టే కథే.

సీసాలో ఎవరెవరు ఉన్నారు?

"నేలలో కోట్ల ఏళ్లుంది కదరా. మా ఇంట్లో పదిహేనేళ్లుంటే పాడైపోద్దేటి?" అన్నాడు మావయ్య. చాలామంది అనే మాటే. దీనికి రెండు జవాబులున్నాయి.

మొదటిది, నేలలో దానికి గాలి తగల్లేదు. రెండోది, నేలలోంచి వచ్చింది వేరు, సీసాలో ఉన్నది వేరు. ముడిచమురును శుద్ధిచేసి, మైనం తీసి తయారుచేసేది మూల నూనె, బేస్ ఆయిల్. పక్కనే తూర్పు మేదినీపూర్ జిల్లాలో ఉన్న హల్దియా రిఫైనరీ 1975లో మొదలైంది, అక్కడ పెట్రోలు, డీజిలుతో పాటు ఈ మూల నూనె కూడా తయారవుతుంది. సీసాలో నూటికి డెబ్బైఐదు నుంచి తొంభై పాళ్లు ఇదే. మిగతాది రకరకాల మందులు. వంటలో పోపు సామానుకున్న హోదా వీటిది: కొలత తక్కువ, రుచంతా వాటిదే.

మూల నూనె సంగతి వరకైతే మావయ్య వాదన చాలావరకు నిలబడుతుంది. వేరుశనగ నూనె కొన్ని నెలలకే ఎందుకు ముక్కిన వాసన వేస్తుంది? దాని అణువుల్లో ఆక్సిజన్ సులువుగా పట్టుకునే బలహీనమైన అతుకులు చాలా ఉంటాయి. మూల నూనెలో అలాంటి అతుకులు దాదాపుగా లేకుండా శుద్ధిచేస్తారు. అందుకే వంటనూనెనూ ఇంజనాయిల్నీ ఒకే గాట కట్టకూడదు.

ఇక మందులు. వీటిలో కొందరు పనివాళ్లు ఉన్నారు. కుంకుడు రసం తలలోని జిడ్డు లాగినట్టు ఇంజన్లోని మసినీ ఆమ్లాలనీ కడిగేవి కొన్ని. కడిగిన మసి మళ్లీ ఒకచోట ముద్దకట్టకుండా రేణువుల్ని విడివిడిగా తేల్చి ఉంచేవి ఇంకొన్ని. ఆయిలు నల్లబడిందంటే అవి పనిచేస్తున్నాయనే అర్థం, భయపడక్కర్లేదు. జింకూ ఫాస్ఫరసూ కలిసిన ఒక పదార్థం, నూనె పొర తెగిన క్షణంలో ఇనుము మీద తానే పలచని పూతగా మారి అరుగుదలను తన మీద వేసుకుంటుంది. ఆక్సిజన్‌తో నూనె కలవకుండా అడ్డుపడి తామే ముందు బలయ్యే రకాలున్నాయి. చలికి ఉండచుట్టుకుని, వేడికి దారంలా విచ్చుకుని నూనె మరీ పలచబడకుండా ఆపే పొడవాటి అణువులున్నాయి.

చివరిగా నాకు అన్నిటికన్నా ముచ్చటైనది, నురుగు మందు. పప్పు పొంగుతుంటే అత్త ఒక్క నూనె చుక్క వేస్తుంది, నురుగు అణిగిపోతుంది. ఇంజన్లో గేర్లు ఆయిల్ని కవ్వంతో చిలికినట్టు చిలుకుతాయి. నురుగొస్తే నూనె పొర స్థానంలో గాలిబుడగలు చేరతాయి, గాలిబుడగ బరువు మోయదు. అందుకని పది లక్షల పాళ్లలో కొద్ది పాళ్లు సిలికోన్ నూనె వేస్తారు. అది ఆయిల్లో కరగదు, కంటికి కనపడనంత సన్నటి బిందువులుగా తేలుతూ ఉంటుంది. ఈ "కరగదు" అన్నమాట గుర్తుంచుకోండి. మన సీసా కథలో అసలు కిటుకు అక్కడుంది.

మూత కింద ఏం జరుగుతుంది?

సీలు వేసిన సీసాలో మూడు పనులు నెమ్మదిగా సాగుతుంటాయి.

ఒకటి గాలి పని. మూతకూ ఆయిలుకూ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది, అందులో ఉన్న ఆక్సిజన్ కొద్దిదే. అది నూనెతో కలిసే వేగం వేడిని బట్టి ఉంటుంది. రసాయన చర్యల విషయంలో ఒక మోటు లెక్క ఉంది: పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపవుతుంది. పాతిక డిగ్రీల గదిలో ఉన్న సీసాతో పోలిస్తే నలభై అయిదు డిగ్రీల రేకుల షెడ్డులో ఉన్న సీసా నాలుగింతల వేగంతో ముసలిదవుతుందన్నమాట. మేనెలలో ఖరగ్‌పూర్ ఎర్రమొరం నేల మీద నీడలోనే నలభై దాటుతుంది, రేకు కింద సంగతి చెప్పేదేముంది. అయితే భయపడాల్సినంత లేదు. నడిచే ఇంజన్లో ఆయిలు నూరు డిగ్రీల దగ్గర ఉంటుంది, పిస్టన్ రింగుల దగ్గర అంతకు రెట్టింపు. అక్కడ నెలల్లో జరిగేది సీసాలో ఏళ్లకేళ్లు పడుతుంది.

రెండోది నీటి పని. ఇది సీసాలకన్నా డ్రమ్ములకు పెద్ద బెడద. పగలు ఎండకు డ్రమ్ములోని గాలి వ్యాకోచించి మూత సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే లోపల ఒత్తిడి తగ్గి, బయటిదాన్ని లోనికి పీలుస్తుంది. నిలబెట్టిన డ్రమ్ము నెత్తిన వాననీరు నిలిచి ఉంటే, పీల్చేది ఆ నీటినే. మూత గట్టిగా బిగించి ఉన్నా రోజుకో గుటక వేస్తూనే ఉంటుంది. ఊపిరి తీసుకోవడమని దీన్నే అంటారు. అందుకే ఆరుబయట ఉంచాల్సి వస్తే డ్రమ్ముల్ని పడుకోబెట్టి, రెండు మూతలూ గడియారంలో మూడూ తొమ్మిదీ ఉన్నచోట వచ్చేలా తిప్పుతారు. అప్పుడు రెండు మూతల వెనకా ఆయిలే ఉంటుంది, గాలి దూరదు, పైన నీరూ నిలవదు. వాడుకలోంచి పుట్టిన ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! మన లీటరు సీసాకు మూత కింద అల్యూమినియం రేకు అతికించి ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది బాగా తక్కువ. రేకు చిరిగిందా, ఒకసారి తీసి మళ్లీ మూత పెట్టారా, అప్పుడా సీసా ఈ చర్చలోకే రాదు. అలాంటిది కొన్ని నెలల్లో వాడేసుకోవాలి.

మూడోది భూమి పని, అంటే బరువు. నురుగు మందు కరగదన్నాను కదా. ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే ఆ సన్నటి బిందువులు ఒకటితో ఒకటి కలిసి పెద్దవై కిందికి దిగొచ్చు. కరిగి ఉన్న మందుల్లోనూ కొన్ని వేడీ చలీ మారుతూంటే, కాస్త తేమ తగిలితే ద్రావణంలోంచి విడిపడి అడుగున పొరకడతాయి. కుండలో మజ్జిగ తేరుకోవడం లాంటిదే. మజ్జిగనైతే కవ్వంతో ఒక్కసారి తిప్పితే సరి. ఆయిలు కూడా కొంతమేరకు అంతే, బాగా కుదిపితే కలిసిపోతుంది. కానీ గడ్డగా మారి అడుగుకు అంటుకున్నది కలవదు. అలా కలవనిది ఏ మందో మనకు తెలియదు. మూల నూనె నిక్షేపంగా ఉండి, దాన్ని కాపాడే మందు అడుగున ఉండిపోయిన ఆయిలు చూడ్డానికి బంగారంలా ఉంటుంది, పని దగ్గరే చెయ్యిచ్చేస్తుంది.

ఈ మూడూ లెక్కవేసుకునే చాలా కంపెనీలు సీలు తియ్యని సీసాకు మూడు నుంచి అయిదేళ్లు గడువు చెబుతాయి. అయిదేళ్ల మర్నాడే ఆయిలు విషమైపోదు. అంతవరకు తాము పూచీ పడతామని మాత్రమే దాని అర్థం.

ఇక్కడొక తిరకాసుంది. సీసాలో ఉన్న ఆయిలు గురించి ఇంత ఆలోచించే మనిషే, బండిలో పోసి రెండేళ్లయిన ఆయిలు గురించి ఆలోచించడు. "బండి తిప్పలేదు కదా, ఆయిల్ కొత్తగానే ఉంటుంది" అంటాడు. నిజానికి అదే ఎక్కువ ప్రమాదం. ఇంజన్లో పడగానే ఆయిల్లోకి పెట్రోలు ఆవిరి, నీటి తేమ, మండగా మిగిలిన ఆమ్లాలు చేరతాయి. ఇక బండి నిలబడ్డా అవి పని మానవు. అందుకే మాన్యువల్లో ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది అని రాస్తారు. నా లెక్కలో, సీసాలో అయిదేళ్లున్న ఆయిలుకన్నా ఇంజన్లో రెండేళ్లున్న ఆయిలుకే భయపడాలి.

లేబుల్ మీది అక్షరాలు

మావయ్య సీసా మీద మూడు వరసలున్నాయి: ఎస్ఏఈ 20డబ్ల్యూ-40, ఏపీఐ ఎస్‌జే, జాసో ఎంఏ. ఆయన వాటిని ఎప్పుడూ చదవలేదు. మనలో చాలామందిమి చదవం, బొమ్మ చూసి కొంటాం. పాత ఆయిలు విషయంలో వయసుకన్నా ఈ మూడు వరసలే పెద్దవి.

మొదటిది చిక్కదనం, విస్కాసిటీ. డబ్ల్యూ అంటే వింటర్. చలిలో ఎలా పారుతుందో ముందు అంకె చెబుతుంది, నూరు డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో వెనక అంకె చెబుతుంది. తేనె చలికాలం సీసాలోంచి దిగనంటుంది, ఎండాకాలం నీళ్లలా జారుతుంది, అలాంటిదే. పాత వంద సీసీ ఇంజన్లకు 20డబ్ల్యూ-40 మామూలుగా వాడిందే. ఇప్పటి బళ్లలో సందులు సన్నం, వాటికి 10డబ్ల్యూ-30 లాంటి పలచటివి చెబుతున్నారు. మనవడి బండిలో ఈ సీసా పొయ్యకూడదనడానికి వయసుదాకా పోనక్కర్లేదు, ఈ ఒక్క వరసే చాలు.

రెండోది అమెరికన్ పెట్రోలియం సంస్థ ఇచ్చే తరగతి. ఎస్ తర్వాతి అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్త ప్రమాణం. ఎస్ఏ అంటే మందులేవీ లేని ఉత్త నూనె. 1930 తర్వాత తయారైన చాలా ఇంజన్లకు పనికిరాదని ఆ సంస్థే చెబుతుంది. ఎస్‌బీకి హద్దు 1951. ఎస్ఎల్ 2001లో, ఎస్ఎం 2004లో, ఎస్ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. మధ్యలో కొన్ని అక్షరాలు వదిలేశారు, వెతుక్కోకండి.

ఈ మెట్లు చూస్తే పాత అక్షరమంటే పనికిరానిదనే అనిపిస్తుంది. కార్ల సంగతిలో అది చాలావరకు నిజమే. మోటారు సైకిళ్ల దగ్గరికొస్తే కథ అడ్డం తిరుగుతుంది. కార్లలో పొగను శుభ్రంచేసే పరికరానికి ఫాస్ఫరస్ పడదు కాబట్టి కొత్త తరగతుల్లో పలచటి ఆయిళ్లకు ఫాస్ఫరస్ తగ్గించుకుంటూ వచ్చారు, ఎస్ఎంలో 0.08 శాతానికి దించారు. ఇంజన్ని కాపాడే జింక్-ఫాస్ఫరస్ పూత గుర్తుంది కదా, తగ్గింది అదే. పైగా పెట్రోలు ఆదా కోసం ఇంకా జారుడుగా ఉండే మందులు కలిపారు. కారుకు అవి మంచివే. బండికి?

బండి ఇంజన్ మన పాత ఉమ్మడి కుటుంబం లాంటిది. పిస్టనూ, గేర్లూ, క్లచ్చూ ముగ్గురికీ ఒకటే వంట, ఒకటే నూనె. కార్లో క్లచ్ ప్లేటు పొడిగా విడిగా ఉంటుంది. బండిలో క్లచ్ ప్లేట్లు ఆయిల్లో మునిగే ఉంటాయి. గేర్లకు జారాలి, క్లచ్ ప్లేట్లకు పట్టు కావాలి. మరీ జారుడు ఆయిలు పోస్తే ఇంజన్ గోల పెడుతుంది, బండి మాత్రం ముందుకు రాదు. "క్లచ్ స్లిప్పవుతోంది" అని షెడ్డుకు తోలుకుపోతాం. ఈ గొడవ తీర్చడానికే జపాన్ వాళ్లు 1998లో మోటారు సైకిళ్లకు ప్రత్యేకంగా జాసో ప్రమాణం తెచ్చారు. ఎంఏ అంటే క్లచ్ పట్టుకు భరోసా ఉన్నది. ఎంబీ అంటే జారుడెక్కువ. క్లచ్ పొడిగా ఉండే గేర్లులేని స్కూటర్లకు సరిపోతుంది. 2006లో ఎంఏను మళ్లీ ఎంఏ1, ఎంఏ2 అని విడదీశారు.

దీనివల్ల ఒక వింత జరిగింది. ఎస్‌జే, ఎస్ఎల్ అన్న పాత అక్షరాలు కార్ల లోకంలో చరిత్రలో కలిసిపోతుంటే, మన దేశంలో ఎన్నో బళ్ల మాన్యువళ్లలో చాలాకాలం చెక్కుచెదరకుండా నిలిచాయి. మావయ్య పాత బండికి కారు కోసం చేసిన కొత్త సీసా కన్నా, ఎస్‌జే, జాసో ఎంఏ ఉన్న ఈ పాత సీసాయే లేబుల్ ప్రకారం దగ్గరి చుట్టం.

ఇంకో హెచ్చరిక. అటక మీద దొరికేవాటిలో 2టీ అని రాసిన సీసాలు కూడా ఉంటాయి. అవి రాజ్‌దూత్, ఆర్ఎక్స్-100 లాంటి రెండు స్ట్రోకుల బళ్లలో పెట్రోలుతో పాటు కాలిపోవడానికి చేసినవి. నాలుగు స్ట్రోకుల ఇంజన్లో వాటిని ఎంత కొత్తవైనా పొయ్యకూడదు.

వరండాలో పరీక్ష

సీసాను కదపకుండా ఒక రాత్రంతా బల్లమీద ఉంచాం. ఇది మొదటి పరీక్ష, దీనికి ఓపిక తప్ప ఖర్చులేదు. పొద్దున్నే మూత తీసి రేకు చూశాం, అంచులు చెక్కుచెదరలేదు. నకిలీ సరుకు భయం ఉన్న చోట ఈ చూపు ఇంకా అవసరం. కాలిన ఆయిల్ని వడగట్టి మంచి సీసాల్లో నింపి అమ్మడం మనకు తెలియని విద్య కాదు. రేకు చింపి వాసన చూశాం. పుల్లగా, మాడినట్టు ఉంటే అక్కడితో ఆపెయ్యాలి. అలాంటిదేమీ లేదు.

పైనుంచి మెల్లగా గాజుగ్లాసులోకి కొంత వంచి ఎండకు పెట్టి చూశాం. తేటగా, తేనెరంగులో ఉంది. పాలు కలిపినట్టు మసకగా ఉంటే నీరు చేరిందని గుర్తు. అయినా నీటి సంగతి కంటితో తేల్చకూడదని మావయ్యకు ఇనుప గరిటె పరీక్ష చెప్పాను. గరిటెను పొగ రాని మేరకు వేడిచేసి, పొయ్యి మీదనుంచి దించి, మంటకు దూరంగా ఒక్క చుక్క ఆయిలు వెయ్యాలి. చిటపటమంటే నీరుంది. తడి ఆవాలు పోపులో ఎగిరినట్టే. ప్రయోగశాలల్లోనూ వేడి పలక మీద ఇదే చేస్తారు. మేం చేస్తే చప్పుడేం రాలేదు. చప్పుడు చేసింది అత్త, ఆ గరిటె తనదని.

ఇక అడుగు. సీసాను వెలుగుకు ఎత్తి చూస్తే అడుగున గోధుమరంగు పలచటి పొర. కుదిపాం. సగం కలిసింది. అయిదు నిమిషాలు కుదిపాం. మూలల్లో సన్నటి పొట్టులాంటిది ఇంకా అంటుకునే ఉంది.

అయిదేళ్ల లోపుదై, ఇంట్లో నీడపట్టున ఉండి, సీలూ అక్షరాలూ సరిపోతే నేనైతే రెండో ఆలోచన లేకుండా పోస్తాను. అయిదు దాటి ఏడెనిమిదేళ్లయితే ఈ పరీక్షలన్నీ చేసి, అన్నీ నెగ్గితే, పాత బండికైతే పోసి, మామూలు గడువులో సగానికే మార్చేస్తాను. వారంటీలో ఉన్న బండికి ఆ ప్రశ్నే వెయ్యను. మావయ్య సీసాకు పద్నాలుగేళ్లు దాటాయి, అందులో చాలా ఎండాకాలాలు రేకు కింద గడిచాయి, అడుగున కలవని పొట్టుంది. లీటరు ఆయిలు ఖరీదు కొన్ని వందలు. ఇంజన్ విప్పి బోరు చేయిస్తే వేలల్లో తేలుతుంది. ఆ మాటే చెప్పాను. చెప్పకముందే ఆయనకు అర్థమైనట్టుంది.

"రిటర్న్ డేటు దాటిపోనాది" అన్నాడు.

కాలువలో మాత్రం పొయ్యొద్దన్నాను. పొయ్యక్కర్లేకుండానే చెల్లింది. గేటు కీళ్లకు కొంత, సైకిలు చెయినుకు కొంత, వర్షాకాలం తుప్పు పట్టకుండా గునపానికీ పారకూ కొంత. కలైకుండా వైపు నుంచి జెట్ విమానం ఒకటి ఇంటి మీదుగా ఉరుముతూ పోయింది. ఆ చప్పుడు అణిగాక మావయ్య సుద్దముక్కతో సీసా మీద "బండికి కాదు" అని పెద్ద అక్షరాలతో రాశాడు, పెట్టె మీద రాసే అలవాటుతో కింద తారీకు కూడా వేశాడు. మనవడు గోల్‌బజార్ వెళ్లడానికి హెల్మెట్ తీస్తుంటే వెనకనుంచి కేకేశాడు:

"ఒరే, ఒక లీటరు మొబిల్ కూడా తే. ఎంఏ అని ఉండాల. అడుగున తారీకు సూసి మరీ తే!"